ఏం లేదులే!

తెలుగులో అతి కర్కశమైన మాట ఏదని ఎవరన్నా నన్నడిగితే, తిట్లనూ శాపనార్థాలనూ పక్కకు నెట్టేసి "ఏం లేదులే" అన్న మాటను ముందు నిలబెడతాను. నవ్వకండి. తిట్టిన వాడికి తిట్టానని తెలుస్తుంది, ఎప్పుడో ఒకప్పుడు పశ్చాత్తాపపడతాడు. ఈ మాట అన్నవాళ్ళకు మాత్రం తామేదో అన్నామనే తెలీదు.

మొన్న ఆదివారం ఇంటిల్లిపాదీ భోజనాలకు కూర్చున్నాం. మా కోడలు ఏదో అంది. మావాడు పొలమారేటట్టు నవ్వాడు. మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అందరూ నవ్వుతున్నారు గదా అని నేనూ ఓ అప్పునవ్వు నవ్వి, ఉండబట్టలేక "ఏంట్రా?" అన్నాను.

"ఏం లేదులే నాన్నా."

మా ఆవిడకేసి చూశాను.

"ఏం లేదులెండి. మీరు తినండి."

ఏమీ లేనిదానికి నలుగురు మనుషులు అంతసేపు నవ్వుతారా అండీ? పోనీ, నవ్వు సంగతి వదిలేయండి. గడిచిన ఆర్నెల్లలో మా ఇంట్లో "ఏం లేదు" కింద జమపడ్డవి చెబుతాను వినండి. మా మేనకోడలికి సంబంధం కుదిరింది. ఎదురింటివారు ఇల్లు అమ్మేసుకున్నారు. నాతోపాటు పలకా బలపం పట్టుకు తిరిగిన స్నేహితుడికి గుండె ఆపరేషనయింది. వాడు కోలుకుని మా వీధిలో నడుస్తూ ఎదురుపడితే గాని నాకు తెలీలేదు. వాడేమో నేను చూడటానికి రాలేదని మొహం తిప్పుకున్నాడు. ఇన్ని ఉన్నాయి ఆ "ఏం లేదు"లో.

సంగతేమిటంటే, నాకు చెవుడు. పుట్టుకతో వచ్చింది కాదు, సంపాదించుకున్నది. తణుకు దగ్గర ఒక రైసుమిల్లులో ముప్ఫై అయిదేళ్ళు గుమాస్తాగిరీ చేశాను. జీతం నెలకోసారి ఇచ్చేవారు, చెవుడు మాత్రం రోజూ కొంచెం కొంచెంగా ఇచ్చారు. 

అసలు మన జాతికి చెవిటివాళ్ళంటే ఉన్న చులకన చూడండి. కళ్ళులేని మనిషిని చూస్తే "అయ్యో" అంటాం. చెవులు వినపడని మనిషిని చూస్తే "ఏమయ్యోయ్" అంటాం. "చెవిటి పెద్దమ్మా చేంతాడేదీ అంటే చెవులపోగులు నా జన్మాన ఎరగనన్నదిట" అని సామెత కట్టుకుని తరతరాలుగా నవ్వుకుంటున్నాం. చెవిటివాడి ముందు శంఖం ఊదితే ఏమన్నాడో మీకూ తెలుసు. సినిమాల్లోనూ అంతే. 1986లో వచ్చిన "సిరివెన్నెల"లో కళ్ళులేని వేణుగాన విద్వాంసుణ్ణీ, మాట రాని చిత్రకారిణినీ చూసి ఊరూరా కళ్ళు తుడుచుకున్నాం. చెవిటి పాత్ర కనపడిందా, అది తొంభైపాళ్ళు హాస్యానికే. చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని "ఆఁ?" అంటే చాలు, హాలు దద్దరిల్లాలి. అంచేత చెవి మందగించిన ప్రతివాడూ ముందు చేసే పని వైద్యం కాదు, దాచడం. నేనూ అయిదేళ్ళు దాచాను.

ఇక్కడ ఒక పెద్ద అపార్థం ఉంది, అది ముందు తీర్చాలి. చెవుడు అంటే రేడియో గొంతు తగ్గించినట్టు అన్నీ సమానంగా చిన్నగా వినపడతాయని మీరనుకుంటారు. అలా కాదు. వయసువల్ల గాని, మోతవల్ల గాని వచ్చే చెవుడులో ముందు పోయేవి సన్నని ధ్వనులు. మన మాటల్లో అచ్చులు లావుగా, బలంగా ఉంటాయి. స, శ, చ, త, ప, క లాంటి హల్లులు సన్నగా, గాలి తీసినట్టు ఉంటాయి. మనది అజంత భాష. దాదాపు ప్రతి మాటా అచ్చుతో ముగుస్తుంది. దానివల్ల నాబోటివాడికి మాట వినపడుతూనే ఉంటుంది, ఏ మాటో మాత్రం తెలీదు. దూరాన మనిషి వస్తున్నట్టు తెలుస్తుంది, మొహం పోల్చుకోలేం. అదన్నమాట.

ఓసారి మా ఆవిడ గరిటె పట్టుకుని "చారు కావాలా?" అంది. నాకు "కారు కావాలా?" అని వినపడింది. "ఈ వయసులో కారెందుకే, డబ్బులెక్కడివీ?" అన్నాను. ఇది మా బంధువర్గంలో ఇప్పటికీ నడుస్తున్న జోకు. నేనూ నవ్వాను. కాని ఇంకోసారి "పాపకి జ్వరం, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి" అని చెప్పి మా ఆవిడ గుడికెళ్ళింది. నాకు "తాతకి జ్వరం" అని వినపడింది. నాకేం జ్వరం, దుక్కలా ఉన్నాను గదా అనుకుని పేపరు తిరగేస్తూ కూర్చున్నాను. గంటన్నర. లోపలి గదిలో మూడేళ్ళ మనవరాలు ఒళ్ళు కాలిపోతూ పడుకుని ఉంది. ఏడ్చే ఉంటుంది కూడాను. ఆ రోజు దాని ఒంటిమీద చెయ్యివేసిన తర్వాత, చారు జోకుకు నవ్వడం మానేశాను.

మామీద ఇంకో నేరారోపణ ఉంది: "ఆయనకు కావలసినవి మాత్రం భేషుగ్గా వినపడతాయి." తెలుగుదేశంలో చెవిటివాడున్న ప్రతి ఇంట్లోనూ ఈ మాట అని తీరతారు. ఇది శుద్ధ అన్యాయం. రాత్రి పదిగంటలకు వీధి సద్దుమణిగాక, మావాడు తన లావు గొంతుతో, నాకు ఎదురుగా కూర్చుని తల్లితో బాంకి అప్పు గురించి మెల్లగా మాట్లాడితే నాకు వినపడింది. నిజమే. పొద్దున్న కుక్కరు కూతేస్తుంటే, పంపు కారుతుంటే, టీవీ వాగుతుంటే, మా ఆవిడ సన్నని గొంతుతో, పొయ్యికేసి తిరిగి, "పాలపాకెట్లు తెండి" అని కేకేస్తే వినపడలేదు. అదీ నిజమే. రెంటికీ మధ్య తేడా నా ఇష్టాయిష్టాల్లో ఉందా, గొంతులోనూ మోతలోనూ మొహం ఎటు తిరిగి ఉందన్న దాంట్లోనూ ఉందా? మీరే తీర్పు చెప్పండి. పైగా సగం సగం వినపడ్డ ముక్కల్ని బుర్ర రోజంతా అతుకుతూ కూర్చోవాలి. సాయంత్రమయ్యేసరికి తల దిమ్మెక్కిపోతుంది. అప్పుడు నేను గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటే, "కోపం" అంటారు.

సరే, దాచడం ఇక కుదరక ఏలూరులో చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. గాజు కిటికీ ఉన్న చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు తొడుగులు పెట్టి, కూత వినపడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. చాలాసేపు కూత రాలేదు. మిషను పాడయిందేమో చూడమన్నాను. పాడయింది మిషను కాదు.

ఆయన బొమ్మ గీసి చెప్పాడు. లోపలి చెవిలో నత్తగుల్లలాంటి భాగం ఉంటుందిట. దాంట్లో నూగుకణాలు, పుట్టినప్పుడు ఒక్కో చెవికి సుమారు 15 వేలు. శబ్దపు అల వస్తే ఇవి తలలూపి మెదడుకు కబురంపుతాయి. పెద్ద మోతకు వరిచేను గాలివానకు పడిపోయినట్టు పడిపోతాయి. చిన్నగాలికి పడ్డ చేను లేచినట్టు కొన్నాళ్ళు లేస్తాయి. మళ్ళీ మళ్ళీ పడితే చచ్చిపోతాయి. చచ్చినవి మళ్ళీ పుట్టవు. కోడిపిల్లల్లో మాత్రం పుడతాయని 1980ల్లో శాస్త్రజ్ఞులు కనిపెట్టారుట. మనం కూరొండుకునే కోడికున్న వరం మనకు లేదు!

మోతకు లెక్క కూడా ఉంది. డెసిబెల్లు అంటారు. మామూలు సంభాషణ 60. చెయ్యి చాపినంత దూరంలో ఉన్న మనిషితో అరిచి మాట్లాడాల్సి వస్తే అక్కడి మోత 85 దాటిందని మోటులెక్క. 85 దగ్గర రోజుకు ఎనిమిది గంటలు హద్దు. అక్కణ్ణుంచి మూడు పెరిగినప్పుడల్లా శబ్దపు శక్తి రెట్టింపవుతుంది, హద్దు సగమవుతుంది: 88కి నాలుగు గంటలు, 91కి రెండు గంటలు, 100కి పదిహేను నిమిషాలు. ధాన్యం మిల్లులో హల్లరూ పాలిషరూ ఎలివేటర్లూ తిరుగుతుంటే మేం ఎదురెదురుగా నిలబడి బస్తాల లెక్క అరుచుకుని చెప్పుకునేవాళ్ళం. నా బల్లకు అడ్డంగా ఓ తడిక గోడైనా ఉండేది. మిల్లు డ్రైవరుకు అదీ లేదు. నలభై అయిదేళ్ళకే అతను పిలిస్తే పలికేవాడు కాదు. అతణ్ణి మేమంతా "ఏమోయ్ రాజా చెవుడూ" అని పిలిచి నవ్వేవాళ్ళం. నేనూ పిలిచాను. ఆ రోజుల్లో అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, మోతవల్ల వచ్చే చెవుడును వృత్తివ్యాధుల జాబితాలో చేర్చింది. జాబితా జాబితాలో ఉంది, మేం మిల్లులో ఉన్నాం. చెవుల్లో దూది పెట్టుకుంటే చాలుననుకునేవాళ్ళం. దూది ఆ మోతను ఆపలేదు. సరయిన చెవిబిరడాలు కొనడానికి ఒక బస్తా తౌడు ఖరీదు కూడా కాదు!

మిల్లు సంగతి మిల్లుకే. అక్కడ పొట్టకోసం పడ్డాం. పొట్ట నిండినవాళ్ళు సరదాకోసం తెచ్చుకుంటున్న చెవుడు మాటేమిటి? పెళ్ళికి వెళ్ళండి. వధూవరుల కన్నా పెద్దవి రెండు స్పీకరు పెట్టెలు వేదికకు అటూ ఇటూ కావలి కాస్తుంటాయి. పక్కన కూర్చున్న వియ్యంకుడు ఏం మాట్లాడాడో చెవులున్న వాళ్ళకే వినపడదు. ఆ మూడు గంటలూ అందరూ నా కులంవాళ్ళే, అది వేరే సంగతి. వినాయకుణ్ణి నిమజ్జనానికి పంపించడానికి లారీకెత్తిన డీజే మోతకు మా వీధిలో కిటికీ అద్దాలు వణికాయి. ఆ లారీ ముందు, తండ్రి భుజాలమీద, రెండేళ్ళ పిల్లాడు. ఆ పసివాడి చెవుల్లో చేను పడిపోతూ ఉంటే తండ్రి గంతులేస్తున్నాడు.

నేను కమిటీ కుర్రాళ్ళ దగ్గరికి వెళ్ళి చెప్పాను. 2000 సంవత్సరంలో వచ్చిన శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్ళున్నచోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్లు మించకూడదు. ఆస్పత్రులకూ బళ్ళకూ కోర్టులకూ వంద మీటర్ల లోపల ఇంకా తక్కువ. రాత్రి పది నుంచి పొద్దున్న ఆరుదాకా బయట మైకులు కూడదని 2005లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. పండగలకని ప్రభుత్వం ఏడాదికి పదిహేను రోజులకు మించకుండా అర్ధరాత్రిదాకా సడలింపు ఇవ్వచ్చు, అంతే. 2024లో హైదరాబాదు పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు కూడాను. ఇదంతా చెప్పాను. ఒక కుర్రాడు నవ్వుతూ ఏదో అన్నాడు. పక్కవాణ్ణి అడిగితే తర్జుమా చేశాడు: "మీకెలాగూ వినపడదు గదా బాబాయిగారూ, మీకేంటి ఇబ్బంది?"

బాగా అన్నాడు. నిజంగా బాగా అన్నాడు. నేను పోగొట్టుకున్నవాణ్ణి గనకే చెబుతున్నాను నాయనా! కాలు విరిగినవాడు గొయ్యి చూపిస్తే, నీకెలాగూ కాలు లేదుగా అంటారా?

ఆ కుర్రాడు మోటారు సైకిలెక్కి, చెవుల్లో పాటల బిరడాలు దోపుకుని, వెళ్ళిపోయాడు. పెద్ద మోతతో పాటలు వినే అలవాటువల్ల ప్రపంచంలో వందకోట్లకు పైగా యువజనం చెవులు ప్రమాదంలో ఉన్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. 2050 నాటికి ప్రతి నలుగురిలో ఒకరికి ఎంతోకొంత చెవుడుంటుందని 2021లో లెక్కగట్టి చెప్పింది. అంటే ఆ భోజనాల బల్ల దగ్గర నవ్వుతున్న నలుగురిలో ఒకరు. ఎవరో చీటీ వేసుకుని చూసుకోండి.

పెద్దవాళ్ళ అజ్ఞానం ఇంకో రకం. పిల్లాడికి చెవి కారితే "పెద్దయితే అదే పోతుంది" అంటారు. పోయేది చీము కాదు, చెవి. చెవిపోటుకు వేడి నూనె పోస్తారు. గుబిలి తియ్యడానికి పిన్నీసులూ అగ్గిపుల్లలూ పెడతారు. ఒక్క రాత్రిలో ఒక చెవి ఠక్కున మూసుకుపోతే, జలుబనుకుని వారాలు గడుపుతారు. రోజుల్లో వైద్యం జరిగితే తిరిగొచ్చే అవకాశమున్న చెవిని చేజేతులా పోగొట్టుకుంటారు. పసిబిడ్డ పిలిస్తే తిరగకపోతే "మావాళ్ళలో మాటలు ఆలస్యం" అంటారు. బిడ్డ పుట్టిన నెలలోపు చెవి పరీక్ష, మూడు నెలలకల్లా నిర్ధారణ, ఆరు నెలలకల్లా సాయం మొదలవ్వాలని వైద్యులు మొత్తుకుంటున్నారు. వినపడని బిడ్డకు మాటలు రావడమో, సైగల భాష రావడమో, ఏదో ఒకటి వేళకు జరగాలి. మన సికిందరాబాదులోనే దీనికోసం కేంద్రప్రభుత్వ సంస్థ శాఖ ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలరుగా చేసిన అలీ యావర్ జంగ్ పేరు మీద నడుస్తోంది. మన ఊళ్ళో ఎంతమందికి తెలుసు?

ఇంతకీ నేను మిషను పెట్టించుకున్నాను. మొదటి రోజు ఎంత గలాటా అనుకున్నారు! పేపరు తిరగేస్తే తుఫాను. ఫ్యాను తిరిగితే మిల్లు. నా చెప్పుల చప్పుడుకు నేనే వెనక్కి తిరిగి చూశాను. విసుగొచ్చి తీసి డబ్బాలో పడేశాను. చాలామంది అక్కడే ఆగిపోతారు. మర్చిపోయిన ధ్వనుల్ని మెదడు మళ్ళీ నేర్చుకోవడానికి వారాలు పడుతుందని, రోజూ కొంచెం పెట్టుకోమని పరీక్ష చేసిన అమ్మాయి చెప్పింది. అలాగే చేశాను. ఓ నెలకు, పెరట్లో పిచిక అరిచింది. పిచికలు మా ఊళ్ళోంచి పోయాయని నేను పదేళ్ళుగా అందరితో వాదిస్తున్నాను!

కాని, మిషను చెవి కాదు. కళ్ళజోడు పెట్టుకుంటే అక్షరం స్పష్టమవుతుంది. మిషను పెట్టుకుంటే శబ్దం పెరుగుతుంది, మాటతో పాటు మోతా పెరుగుతుంది. మిగతా సగం పని ఎదుటి మనిషి చెయ్యాలి. అక్కడే నా పోరు. "మిషను పెట్టించాం గదా, ఇంకా ఏంటి?" అంటారు. అరవక్కర్లేదు బాబూ, అరిస్తే అచ్చులే పెరుగుతాయి, పైగా తిట్టినట్టుంటుంది. నా ఎదుటికి రండి. మొహం వెలుతురులో పెట్టండి. టీవీ కట్టండి. ఒక్కొక్కరు మాట్లాడండి. అర్థం కాకపోతే అదే మాటను పదిసార్లు దంచకుండా ఇంకో మాటతో చెప్పండి. "చారు" అర్థం కాకపోతే "రసం" అనచ్చు గదా! దీనికి డబ్బు ఖర్చు లేదు. ఓపిక ఖర్చు, అంతే. ఆ ఓపిక లేకపోతే జరిగేదేమిటో కూడా తెలుసుకోండి: వినపడనివాడు మాటలు తగ్గిస్తాడు, మనుషుల్ని తగ్గిస్తాడు, చివరికి తనే తగ్గిపోతాడు. నడివయసులో పట్టించుకోని చెవుడు ముసలితనపు మతిమరుపు జబ్బుకు దారితీసే ముఖ్య కారణాల్లో ఒకటని 2024లో లాన్సెట్ పత్రిక కమిషను చెప్పింది.

ఇంతగా అంటున్నాను గాని, ఈ విషయంలో రాయి వెయ్యడానికి నాకేం హక్కుంది? చెబుతాను.

మా అమ్మకు చివరి ఎనిమిదేళ్ళూ చెవుడు. అరుగుమీద కూర్చుని మా మొహాలు చూస్తుండేది. "ఏంట్రా అంటున్నారు?" అనేది. "ఏం లేదులే అమ్మా" అనేవాణ్ణి. రోజుకు పదిసార్లు. పాపమని కూడా అనిపించేది కాదు. ఆవిడ తమ్ముడు, మా మావయ్య, భీమవరంలో పోయాడు. ఆవిడకు గుండె బలహీనం, మెల్లగా చెబుదామని మేం నలుగురం ఆవిడ ఎదుటే మాట్లాడుకున్నాం. ఎలాగూ వినపడదు గదా! ఆవిడ ఒక్కొక్కరి మొహమూ చూసింది. "ఏంట్రా?" అంది. "ఏం లేదులే అమ్మా" అన్నాను.

పదకొండో రోజున, ఎవరో పలకరించడానికి వచ్చి ఏడిస్తే, తెలిసింది. అమ్మ ఏడవలేదు. నన్ను పిలిచి, మెల్లగా అడిగింది: "ఆ రోజు ఏం లేదన్నావు. వాడు లేడనట్రా?"

ఆ తర్వాత ఆవిడ నన్ను "ఏంట్రా" అని ఎప్పుడూ అడగలేదు. ఇంకా రెండేళ్ళు బతికింది.

ఇప్పుడు నేను ఆ అరుగుమీద కూర్చున్నాను. నా వంతు వచ్చింది. దీన్ని కర్మ అనుకుని ఊరుకుంటే పుణ్యమేమో గాని, ఊరుకోను. ఎందుకంటే రేపు మావాడి వంతు వస్తుంది.

నిన్న సాయంత్రం మళ్ళీ అందరూ నవ్వారు. "ఏంటీ?" అన్నాను. మావాడు నోరు తెరవబోయేంతలో మా మనవరాలు, ఆ జ్వరం పిల్లే, ఇప్పుడు ఎనిమిదేళ్ళది, లేచొచ్చి నా ఎదురుగా నిలబడింది. నా గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకుని, ఒక్కొక్క మాటా విడదీసి జోకంతా మళ్ళీ చెప్పింది.

జోకు ఏమంత గొప్పది కాదు. కాని చాలాసేపు నవ్వాను. అప్పునవ్వు కాదు, సొంతది.